గోదావరి సీమలో పురిటి శిక్షణ

గౌతమి, వసిష్ఠ అనే రెండు గోదావరి పాయల నడుమ, సముద్రపు ఒడ్డున, త్రికోణాకారంలో ఉన్న పల్లపు నేలకు కోనసీమ అని పేరు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఇందులోని ముఖ్య స్థలాలు. వైనతేయ పాయ ఈ నేలను మళ్ళీ రెండుగా చీలుస్తుంది. పాయల మధ్య మేట వేసిన ఇసుకపై లంక గ్రామాలు అనేకం వెలిశాయి. వంతెనలు లేని రోజులలో ఈ సీమ దాటి పోవాలంటే రేవు దాటక తప్పేది కాదు. సఖినేటిపల్లి వద్ద పడవ ఎక్కితే నరసాపురం, ముక్తేశ్వరం వద్ద ఎక్కితే కోటిపల్లి చేరవచ్చు. పొద్దు గూకితే పడవ దొరకడం కష్టం. గోదావరికి వరద వస్తే పట్టపగలు కూడ దొరకదు.

పురిటి నొప్పులు మాత్రం రేవు వేళలు చూచి రావు. కాబట్టి తరతరాలుగా ఇక్కడి స్త్రీలకు పురుడు పోసింది ఊరిలోని మంత్రసానియే. ఆమె చదువుకున్నది కాదు. తల్లి దగ్గరనో, అత్త దగ్గరనో చూచి పని నేర్చుకున్నది. నొప్పులు పడుతున్న పిల్ల నడుము పట్టి, ధైర్యం చెప్పి, రాత్రంతా ప్రక్కనే కూర్చునేది. బిడ్డ పుట్టిన తరువాత కూడ కొన్నాళ్ళు వచ్చి తల్లికీ బిడ్డకూ స్నానం చేయించేది. చాటెడు బియ్యం, ఒక చీర, కొద్దిపాటి డబ్బు ఆమె ప్రతిఫలం.

ఇంత ఆదరణతో పని చేసిన ఆ చేతులలోనే ఒక్కొక్కప్పుడు మృత్యువు కూడ దాగి ఉండేది. అది ఆమెకు తెలియదు. అప్పటికి ప్రపంచంలోని గొప్ప వైద్యులలో అనేకులకు కూడ తెలియదు.

1847వ సంవత్సరం

కోనసీమకు నీటి వసతి కల్పించిన ధవళేశ్వరం ఆనకట్ట పని సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ప్రారంభమైంది. అదే సంవత్సరం ఐరోపాలో ప్రసూతి వైద్యానికి సంబంధించిన రెండు ముఖ్య సంఘటనలు జరిగాయి.

మొదటిది వియన్నా నగరంలో జరిగింది. అక్కడి పెద్ద ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. ఒకదానిలో వైద్యులూ, వైద్య విద్యార్థులూ పురుళ్ళు పోసేవారు. రెండవదానిలో మంత్రసానులు శిక్షణ పొందేవారు. 1846లో వైద్యుల విభాగంలో నూటికి 11 మందికి పైగా తల్లులు బాలింత జ్వరంతో మరణించారు. మంత్రసానుల విభాగంలో మరణాలు నూటికి 3 కూడ లేవు! చదువుకున్నవారి చేతిలోనే ఎక్కువమంది చనిపోవడానికి కారణమేమిటని ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే యువ వైద్యుడు ఆలోచించాడు. వైద్యులు శవాలను కోసి పరీక్షించి, ఆ చేతులతోనే గర్భిణుల వద్దకు వస్తున్నారని గ్రహించాడు. 1847 మే నెలలో, క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో ప్రతివారూ చేతులు కడుక్కోవలెనని నియమం పెట్టాడు. 1848 నాటికి ఆ విభాగంలో మరణాలు నూటికి ఒకటి చిల్లరకు దిగాయి.

ఈ విషయం విద్యార్థులు బాగా గుర్తుంచుకోదగినది. మురికి చేయి ఏ ఒక్క జాతిదీ కాదు, ఏ ఒక్క కులానిదీ కాదు. అది చదువు లేనివారిది మాత్రమే కూడ కాదు.

రెండవ సంఘటన ఎడింబరోలో జరిగింది. 1847 నవంబరులో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే వైద్యుడు పురిటి నొప్పులు తగ్గించడానికి క్లోరోఫారం వాడాడు. స్త్రీ వేదనతో బిడ్డలను కనాలని బైబిలు ఆదికాండంలో ఉన్నది గనుక ఇది దైవాజ్ఞకు విరుద్ధమని కొందరు ఆక్షేపించారు. సింప్సన్ కూడ భక్తుడే. ఆదాము ప్రక్కటెముక తీయడానికి ముందు దేవుడే అతనికి గాఢనిద్ర కలిగించాడు గదా అని అదే గ్రంథంనుంచి జవాబు చెప్పాడు. 1853లో విక్టోరియా రాణి తన కాన్పులో క్లోరోఫారం తీసుకోవడంతో ఈ ఆక్షేపణ బలం తగ్గింది.

సెమ్మెల్వైస్ చెప్పినదానికి శాస్త్రీయమైన ఆధారం తరువాత దొరికింది. బాలింత జ్వరం గల స్త్రీలలో గొలుసుల్లాగా ఉండే సూక్ష్మజీవులు ఉన్నాయని 1879లో పాశ్చర్ చూపాడు. వాటినే స్ట్రెప్టోకాకస్ అంటారు. 1889లో జపాను శాస్త్రజ్ఞుడు కిటసాటో ధనుర్వాత క్రిమిని వేరు చేసి పెంచాడు. ఈ క్రిమి బీజాలు మట్టిలోనూ, పశువుల పేడలోనూ ఉంటాయి. మట్టి అంటిన కొడవలితోనో వెదురు బద్దతోనో బొడ్డు కోసినప్పుడు, లేదా బొడ్డుపై పేడ, బూడిద వంటివి అద్దినప్పుడు, ఆ బీజాలు లోపల ప్రవేశిస్తాయి. బిడ్డ మొదటి రెండు రోజులు చక్కగా పాలు త్రాగుతుంది. తరువాత దవడలు బిగుసుకుపోతాయి, ఒళ్ళు విల్లులా వంగుతుంది. చికిత్స లేకపోతే అటువంటి బిడ్డ బ్రతకడం చాల అరుదు. గాలి సోకిందనీ, దృష్టి తగిలిందనీ పెద్దలు అనుకునే మరణాలలో కొన్నింటికి నిజమైన కారణం ఇదే.

మిషన్ల రాక

గోదావరి డెల్టాకు క్రైస్తవ మిషనరీలు 1836లోనే వచ్చారు. ఇంగ్లండునుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అనేవారు నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో స్థిరపడి గోదావరి డెల్టా మిషన్ నెలకొల్పారు. వారు బోధకులే గాని వైద్యులు కారు. వారు వైద్యులై ఉన్నా, ఆనాడు పురిటి గదిలోకి మగవారికి ప్రవేశం లేదు. కాబట్టి స్త్రీ వైద్యులు రావలసి ఉండెను.

ఉత్తర దేశంలో ఈ పని కొంత ముందుగా ఆరంభమైంది. 1866లో అమృత్‌సర్‌లో ఎయిచిసన్ అనే సివిల్ సర్జను దాయీలకు, అంటే మంత్రసానులకు, ఒక పాఠశాల తెరిచాడు. 1880 నుంచి దానిని జనానా మిషన్‌కు చెందిన మిస్ హ్యూలెట్ నడిపారు. అమెరికానుంచి క్లారా స్వెయిన్ అనే వైద్యురాలు 1870లో బరేలీకి వచ్చి, వచ్చిన ఏడాదే కొందరు బాలికలకు వైద్యం నేర్పడం ప్రారంభించారు.

తెలుగు దేశంలో ఈ చరిత్రకు ఆద్యురాలు డాక్టర్ ఆనా కుగ్లర్. ఆమె 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు చేరారు. మొదట మిషన్‌వారు ఆమెను ఉపాధ్యాయినిగానే పంపారు. రోగుల అవసరమే ఆమెను వైద్యురాలిగా నిలబెట్టింది. 1898లో ఆమె స్త్రీల ఆసుపత్రి తెరవబడింది. క్యాథరిన్ ఫాస్ అనే నర్సు అక్కడి బాలికలకు శిక్షణ ఇచ్చారు. 1930లో మరణించే వరకు కుగ్లర్ గుంటూరునే తన ఊరు చేసుకున్నారు.

కోనసీమకు దగ్గరలో రాజమండ్రిలో లూథరన్ మిషన్ వైద్యురాలు లిడియా వోర్నర్, పిఠాపురంలో కెనడియన్ బాప్టిస్టు మిషన్ వైద్యురాలు జెస్సీ ఆలిన్ స్త్రీలకు ఆసుపత్రులు నడిపారు. పిఠాపురం ఆసుపత్రికి అక్కడి మహారాజా విరాళం తోడ్పడింది. 1918లో వెల్లూరులో ఐడా స్కడర్ స్త్రీలకు వైద్య పాఠశాల స్థాపించారు. ఒకే రాత్రి ముగ్గురు గర్భిణులు, మగ వైద్యుడు తాకరాదన్న కట్టుబాటు వల్ల సహాయం లేక మరణించడం ఆమెను వైద్యవిద్యవైపు మళ్ళించింది. కట్టుబాటు కారణంగా స్త్రీలు మరణించే స్థితి గోదావరి ఒడ్డున కూడ ఇంతకంటె భిన్నం కాదు.

ఏమి నేర్పారు? ఎవరు నేర్చుకున్నారు?

పాఠం పైకి చాల చిన్నది. గోళ్ళు కత్తిరించుకోవాలి. గాజులూ ఉంగరాలూ తీసివేయాలి. మోచేతుల వరకు సబ్బుతో రుద్ది కడగాలి. కత్తెర, దారం, గుడ్డలు నీటిలో మరిగించాలి. అనవసరంగా లోపల చేయి పెట్టి చూడరాదు. మాయ పూర్తిగా పడినదీ లేనిదీ చూడాలి. రక్తస్రావం ఆగకపోయినా, బిడ్డ అడ్డం తిరిగినా, మూర్ఛ వచ్చినా ఆలస్యం చేయక ఆసుపత్రికి పంపాలి.

మరిగించడం గురించి ఒక మాట చెప్పాలి. మరిగే నీటిలో స్ట్రెప్టోకాకస్ త్వరగా చస్తుంది. ధనుర్వాత బీజాలు మాత్రం ఆ వేడిని కూడ కొంతసేపు తట్టుకోగలవు. వాటిని నిశ్చయంగా చంపాలంటే ఒత్తిడి గల ఆవిరిలో, 121 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఉంచాలి. అందుకే ఆసుపత్రులలో ఆటోక్లేవ్ వాడతారు. అది లేని పల్లెలో ఒక కాన్పుకు ఒక కొత్త బ్లేడు వాడమనడానికి కూడ కారణం ఇదే.

నేర్చుకున్నవారిలో ఎక్కువమంది క్రైస్తవ బాలికలు, వితంతువులు. వారిలో చాలమంది మాల, మాదిగ కుటుంబాల నుంచి వచ్చారు. పురిటి రక్తం మైల అనే భావన వల్ల అగ్రవర్ణాల స్త్రీలు ఈ వృత్తికి దూరంగా ఉన్నారు. ఏ ఇంటి వాకిట నిలవడానికి కూడ ఒకనాడు అనుమతి లేదో, ఆ ఇంటి పురిటి గదిలోకే తెల్లచీర కట్టిన నర్సు పిలుపు మీద వెళ్ళసాగింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మైల మాట వెనుకబడింది. పని ముగిశాక ఆ గది కడిగించి శుద్ధి చేసుకున్న ఇళ్ళు కూడ లేకపోలేదు.

మిషన్ ఆసుపత్రిలో మందుతోబాటు ప్రార్థన, బోధ కూడ ఉండేవి. మతం మారుస్తారేమో అన్న అనుమానంతో కొందరు రావడానికి వెనుకాడారు. వచ్చినవారిలో అత్యధికులు తమ మతంలోనే ఉండి, బిడ్డనెత్తుకొని ఇంటికి వెళ్ళారు.

మంత్రసాని మాట

ఇంత జరిగినా రాత్రివేళ లంక గ్రామంలో నొప్పులు పడే స్త్రీకి దగ్గర ఉన్నది నర్సు కాదు, మంత్రసానియే. మిషన్లవారూ, ప్రభుత్వంవారూ ఆమెను చాలకాలం అజ్ఞానానికి గుర్తుగానే చూశారు. ఆమెకు శిక్షణ ఇవ్వాలని 1903లో లేడీ కర్జన్ విక్టోరియా స్మారక నిధి ఏర్పాటు చేశారు. ఫలితం ఆశించినంత రాలేదు. పట్టణానికి వచ్చి శిక్షణ పొందే రోజులలో ఆమెకు జీవనం జరగదు. పుస్తక భాష ఆమెకు అర్థం కాదు. నేర్చుకుని తిరిగి వెళితే సబ్బుకూ, కత్తెరకూ డబ్బు ఎవరిస్తారు? 1926లో మద్రాసు నర్సుల, మిడ్‌వైఫుల చట్టం వచ్చింది. దాని క్రింద నమోదైనవారిలో ఎక్కువమంది పట్టణాలలోనే నిలిచారు.

1946లో భోర్ కమిటీ తన నివేదికలో, దేశంలో వెయ్యి కాన్పులకు సుమారు 20 మంది తల్లులు మరణిస్తున్నారనీ, ఏటా ఆ సంఖ్య 2 లక్షల వరకు ఉంటుందనీ అంచనా వేసింది. స్వాతంత్ర్యం తరువాత ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫులను తయారుచేసి గ్రామాలకు పంపారు. డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ ‘ప్రసూతి–శిశుపోషణ’ అనే గ్రంథం వ్రాసి ఈ విజ్ఞానాన్ని తెలుగు ఇల్లాళ్ళకు అందించారు. 1977లో గ్రామీణ ఆరోగ్య పథకం క్రింద మంత్రసానులకు భత్యమిచ్చి 30 రోజుల శిక్షణ ఇచ్చారు. శుభ్రమైన చేతులు, శుభ్రమైన పడక, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారం, ఏమీ పూయని శుభ్రమైన బొడ్డు అనే ఐదు సూత్రాలు నేర్పారు. గర్భిణులకు ధనుర్వాతం టీకాలు కూడ వేశారు. తల్లిలో తయారైన రక్షక పదార్థాలు మాయ ద్వారా బిడ్డకు చేరి కాపాడతాయి. ఈ రెండింటి ఫలితంగా, తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిన తొలి భారత రాష్ట్రంగా 2003లో ఆంధ్రప్రదేశ్ గుర్తింపు పొందింది. 2015లో దేశమంతా ఆ స్థితికి చేరింది.

మిగిలిన పాఠం

భోర్ కమిటీ లెక్కను లక్షకు మారిస్తే 2,000 మరణాలు అవుతుంది. 2018–20 గణాంకాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకు 45 మంది, తెలంగాణలో 43 మంది తల్లులు మరణించారు. ఇది సామాన్యమైన విజయం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రులలోనే జరిగాయి. మంత్రసాని వృత్తి దాదాపు అంతరించింది.

అయితే ఆమెతోబాటు మరొకటి కూడ పోయింది. అది నొప్పులు పడే స్త్రీ ప్రక్కన కూర్చునే మనిషి. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42, తెలంగాణలో నూటికి 60 కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినట్లు తేలింది. శస్త్రచికిత్సలు పెరగడానికి కారణాలు అనేకం. కాని ఒంటరితనం, భయం కాన్పును కష్టపెడతాయనడానికి శాస్త్రీయమైన ఆధారం ఉన్నది. భయంతో రక్తంలో పెరిగే అడ్రినలిన్ గర్భాశయ కండరాల పనిని మందగింపజేస్తుంది. మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో క్లాస్, కెన్నెల్ అనే వైద్యులూ వారి సహచరులూ నడిపిన ఒక పరిశోధన ఫలితాలు 1980లో వెలువడ్డాయి. ప్రక్కన ఒక స్త్రీ ఉండి ధైర్యం చెప్పినవారికి నొప్పుల కాలం, ఒంటరిగా ఉన్నవారితో పోల్చితే, సగానికి పైగా తగ్గింది. ఇలా తోడుండే స్త్రీని పాశ్చాత్య దేశాలలో డౌలా అంటున్నారు. సేవకురాలు అని అర్థం వచ్చే గ్రీకు పదమిది. ఆ దేశాలలో కొన్ని క్రైస్తవ సంఘాలు కూడ ఇటువంటి తోడుకు శిక్షణ ఇస్తున్నాయి. మనదేశంలో ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రసవ సమయాన ఒక స్త్రీ తోడుగా ఉండడానికి 2016లో కేంద్ర ప్రభుత్వం అనుమతించింది.

మిషన్ ఆసుపత్రులు గోదావరి సీమకు తెచ్చిన సబ్బూ, మరిగించిన కత్తెరా ఎందరో తల్లులను బ్రతికించాయి. ఆ సబ్బును మంత్రసాని చేతికి సకాలంలో అందించి ఉంటే ఇంకా ఎందరో బ్రతికేవారు. ఆమెకు తెలియనిది ఆమెకు నేర్పడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది. ఆమెకు తెలిసినదానిని ఆసుపత్రులు ఇప్పుడు నేర్చుకుంటున్నాయి.