ఊదేవారు, చేసేవారు: జంగమకోటెలో ఒక వేణూత్సవానికి చారిత్రక భూమిక

కొద్ది నెలల క్రితం, జంగమకోటె నుంచి వచ్చి మా దగ్గర చదువుకుంటున్న ఒక విద్యార్థిని ఒక కాగితం తెచ్చి మా బల్ల మీద పెట్టింది. తమ ఊళ్ళో రెండు రోజుల ఉత్సవం జరపాలని ఆమె, ఆమె మిత్రులు సంకల్పించారు. ఐర్లండులో ‘విజిల్’ అని పిలిచే చిన్న రేకు పిల్లనగ్రోవిని ఊదేవారినీ, దాన్ని తయారుచేసేవారినీ పిలిచి, మన వేణువాదకులతో ఒకే పందిట్లో కూర్చోబెట్టాలని వారి కోరిక. కాగితం శ్రద్ధగా రాసినదే. వేదిక, మైకు, భోజనాలు, బస, అన్నిటికీ లెక్క ఉంది. అయితే ‘తయారుచేసేవారు’ అన్న మాట శీర్షికలో తప్ప మరెక్కడా కనిపించలేదు. చివరి వరుసలో మాత్రం ‘వాద్యాల అంగళ్ళు: స్థలం మిగిలితే’ అని ఉంది. ‘స్థలం మిగిలితే’ అన్న ఆ రెండు మాటలే ఈ వ్యాసానికి కారణం. సంగీతోత్సవాల చరిత్రలో ఎవరికి చోటు దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నది పరిశీలించి, ఆ వెలుగులో ఈ ప్రణాళికను సవరించడం మా ఉద్దేశం.

ముందుగా స్థలం సంగతి. జంగమకోటె శిడ్లఘట్ట తాలూకాలోని ఒక హోబళి కేంద్రం. 2007లో కోలారు జిల్లాను విడదీసినప్పుడు ఈ తాలూకా, చింతామణి, బాగేపల్లి తాలూకాలతో పాటు కొత్తగా ఏర్పడిన చిక్కబళ్ళాపురం జిల్లాలో చేరింది. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ సంతకు పేరు పొందింది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, పట్టుదారం తీసే కొట్లలో ఉర్దూ వినిపించే ప్రాంతమిది. ఇక్కడివారికి సంగీతోత్సవం కొత్త విషయమేమీ కాదు. చింతామణి తాలూకాలోని కైవారంలో ఏటా గురుపూర్ణిమ సందర్భంగా 72 గంటల పాటు ఎడతెగకుండా సంగీతారాధన జరుగుతుంది. అది కైవార తాతయ్యగా జనం కొలిచే యోగి నారేయణకు అర్పించే ఆరాధన. 1726లో పుట్టి 1836లో గతించారని సంప్రదాయం చెప్పే ఈ గాజుల వర్తకుడు తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పారు. ఆయన తెలుగు రచనలు ఈ ప్రాంతంలో కన్నడ లిపిలో అచ్చవుతాయి, కన్నడ లిపిలోనే చదువుతారు. ఈ విషయాన్ని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. దీని అవసరం చివర వస్తుంది.

ఇక మాట సంగతి. తమిళంలో ‘కుఴల్’, కన్నడంలో ‘కొళలు’, తెలుగులో ‘క్రోవి’, ‘గ్రోవి’ అనే మాటలను ద్రావిడ భాషాశాస్త్రజ్ఞులు ఒకే కుదురుకు చేర్చారు. మూడింటికీ మూలార్థం గొట్టం. తెలుగులో మాట మధ్యనున్న ఴకారం రేఫగా మారి, అచ్చును దాటి ముందుకు జరిగి, మొదటి హల్లుతో కలిసిపోయింది. తమిళంలో ‘కొఴుప్పు’ తెలుగులో ‘క్రొవ్వు’ అయినట్టే ఇదీ. ఆ రేఫ కూడా జారిపోయి నేడు మనం ‘కొవ్వు’ అంటున్నాం. ‘గ్రోవి’ మాత్రం తన రేఫను నిలుపుకుంది. చింతామణి సంతలో కన్నడిగుడు ‘కొళలు’ అనీ, తెలుగువాడు ‘పిల్లనగ్రోవి’ అనీ అడిగినప్పుడు ఇద్దరూ ఒకే పాత మాటను రెండు ఉచ్చారణలతో పలుకుతున్నారన్నమాట. ఉత్సవానికి ఏ భాషలో పేరు పెట్టాలన్న తగవుకు ఈ సంగతి కొంత జవాబు.

ఐర్లండు విజిల్‌కూ మన వేణువుకూ పోలిక ఉన్నంత భేదమూ ఉంది. మన వేణువును అడ్డంగా పట్టి, రంధ్రపు అంచు మీదుగా పెదవులతో గాలిని మలుస్తాం. విజిల్ నిలువుగా పట్టేది. ఈల మాదిరిగా నోటి దగ్గరే గాలికి దారి అమర్చి ఉంటుంది. మన జాతరల్లో పిల్లలకు కొనిపెట్టే నిలువు పిల్లనగ్రోవి దీనికి దగ్గర చుట్టం. విజిల్‌కు ఆరు రంధ్రాలు. కర్ణాటక సంగీత వేణువుకు ఊదే రంధ్రం కాక ఎనిమిది. పేరు పెట్టే పద్ధతి కూడా వేరు. ఆరు రంధ్రాలూ మూసినప్పుడు పలికే స్వరాన్ని బట్టి విజిల్‌కు పేరు; షడ్జం ఏ శ్రుతిలో పలుకుతుందో దాన్ని బట్టి మన వేణువుకు పేరు. ఐర్లండులో ఎక్కువగా వాడే ‘డి’ విజిల్‌నూ, మన రెండు శ్రుతి వేణువునూ పక్కపక్కన పెడితే శ్రుతి ఒకటే అవుతుంది, వేళ్ళ లెక్క మాత్రం కుదరదు. ఈ సంగతి ముందు తెలియకపోతే మొదటి రోజు ఉదయమంతా శ్రుతి కలుపుకోవడంలోనే గడిచిపోతుంది.

ఈ వాద్యం చరిత్రలో ఆసక్తికరమైన విషయం ఒకటుంది. ఐర్లండు ప్రాణంగా భావించే రేకు విజిల్ కర్మాగార వస్తువుగా మొదలైంది ఇంగ్లండులో. 1843లో సఫోక్ ప్రాంతపు కోనీ వెస్టన్ గ్రామంలో రాబర్ట్ క్లార్క్ అనే కూలీ తగరపు పూత రేకును చుట్టి వీటిని చేయడం ప్రారంభించాడు. తరువాత మాంచెస్టరు చేరి అక్కడ పని సాగించాడు. వాద్యం చవక, కనుక పేదవాడి చేతికి అందింది. ఎక్కడ పుట్టిందన్నదాని కన్నా ఎవరి చేతుల్లో నిలిచిందన్నదే దాన్ని ఐరిష్ వాద్యంగా చేసింది. ఆంధ్రదేశానికి వెలుపల తెలుగు చదువుకునే మనకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఐర్లండులో ఉత్సవాలు కూడా మరీ పురాతనమైనవి కావు. సంప్రదాయ సంగీతం ఊళ్ళలో అడుగంటుతున్నదన్న భయంతో 1951లో మల్లింగార్ పట్టణంలో కొందరు కళాకారులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. ‘ఫ్లా’ అనే వార్షికోత్సవం అక్కడే ఆ ఏడే మొదలైంది. మా ప్రస్తుత విషయానికి అంతకన్నా ముఖ్యమైనది 1968 నాటి మరో ప్రయత్నం. ఇల్లన్ పైపులు అని వారికొక వాద్యం ఉంది. ‘ఇల్లన్’ అంటే మోచేయి. మన వీధినాటకాల్లో శ్రుతికి పట్టే తిత్తి వంటి తిత్తిని మోచేతి కింద నొక్కుతూ వాయిస్తారు. 1968 నాటికి ఈ వాద్యకారులు వందమందికి లోపే మిగిలారని చెబుతారు. వాయించేవారు తగ్గారు కనుక చేసేవారు తగ్గారు; మంచి వాద్యం దొరకదు కనుక నేర్చుకునేవారు మరింత తగ్గారు. ఈ విషవలయాన్ని గుర్తించి, అప్పుడు ఏర్పడిన పైపర్ల సంఘం కచేరీలతో పాటు పైపుల తయారీకీ, రెల్లు పీకలు చెక్కడానికీ శిక్షణ ఇవ్వసాగింది. 2017లో యునెస్కో ఈ కళను మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. క్లేర్ జిల్లా మిల్‌టౌన్ మాల్బే గ్రామానికి చెందిన విల్లీ క్లాన్సీ 1973లో మరణించాడు. అతడు వృత్తిరీత్యా వడ్రంగి, బాల్యంలో విజిల్‌తో సంగీతం మొదలుపెట్టి పైపులకు మళ్ళినవాడు. ఆ ఏడాదే అతని పేర ఆ ఊళ్ళో మొదలైన వేసవి పాఠశాల నేటికీ ప్రతి జూలైలో జరుగుతున్నది. అది ప్రధానంగా పాఠశాల. కచేరీ ఆ తరువాత. పగలు నేర్చుకోవడం, సాయంత్రం కలిసి వాయించడం. పీకలు చెక్కడం కూడా అక్కడ పాఠమే.

మన ఉత్సవాల్లో ప్రసిద్ధమైనది తిరువయ్యారు త్యాగరాజ ఆరాధన. తెలుగు కృతుల కోసం తమిళదేశంలో జరిగే పండుగ అది. త్యాగరాజు 1847లో సిద్ధి పొందారు. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో ఆరాధన పెద్దయెత్తున మొదలై, కొద్ది కాలానికే పెద్ద కట్చి, చిన్న కట్చి అని రెండుగా చీలింది. రెండు పక్షాల్లోనూ స్త్రీలకు పాడే హక్కు లేదు. మైసూరు సీమలోని నంజనగూడులో 1878లో జన్మించిన బెంగుళూరు నాగరత్నమ్మ తన ఆస్తిని వెచ్చించి 1920లలో సమాధి చుట్టూ స్థలం కొని గుడి కట్టించారు. స్త్రీల కోసం వేరే ఆరాధన నడిపారు. చివరకు మూడు పక్షాలూ కలిసి 1941 నుంచి ఒకే ఆరాధన జరపసాగాయి. అంటే వేదిక మీద ఎవరికి చోటు అన్న ప్రశ్నను పరిష్కరించడానికి ఆ ఉత్సవానికి దాదాపు ఒక తరం పట్టింది.

ఆ ఆరాధనలో వేణువుకు గౌరవస్థానమే ఉంది. పంచరత్న కృతుల గోష్ఠికి ముందు వేణువాదకులు కలిసి ‘చేతులార’ కృతిని వాయించడం ఆనవాయితీ. కుంభకోణం శరభశాస్త్రి (1872–1904) చేతిలో వేణువు కచేరీ వాద్యంగా నిలదొక్కుకుంది. పల్లడం సంజీవరావు దాన్ని కొనసాగించారు. టి. ఆర్. మహాలింగం (1926–1986) దాని పలుకునే మార్చారు. ఈ పేర్లు చరిత్రలో ఉన్నాయి. వారి వేణువులకు వెదురు ఎంచి, ఎండబెట్టి, కాల్చిన ఇనుప కడ్డీతో రంధ్రాలు వేసినవారి పేర్లు మాత్రం కృతజ్ఞతగానైనా ఎవరూ తలచరు.

నాగస్వరం కథా ఇంతే. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. తెలుగు ముస్లిం ఒకరు తమిళ వైష్ణవ క్షేత్రంలో ఆచార్యస్థానం పొందడం మనకు గర్వకారణం. ఆ వాద్యాన్ని చెక్కే కుంభకోణం సమీపపు నరసింగంపేటకు భౌగోళిక గుర్తింపు లభించింది 2022లో. ఆచ్చా అనే గట్టి చెక్కను, అందులోనూ పాత ఇళ్ళు విప్పగా వచ్చిన దూలాలను, అక్కడివారు కోరుకుంటారు. కొత్త చెక్క పగులుతుంది. ఉత్తరాదిన బాన్సురీలకు పేరుపడ్డ పీలీభీత్‌కు వెదురు అస్సాం నుంచి రావాలి. మన బొబ్బిలి వీణకు పనస చెట్టు కావాలి. వాద్యం అనేది ఒక చెట్టు మీద, ఒక దారి మీద, కొన్ని కుటుంబాల మీద ఆధారపడి ఉంటుంది. వాటిలో ఏది తెగినా రాగం ఆగుతుంది. కచేరీకి వచ్చినవారికి ఇది కనబడదు. ఉత్సవం తలపెట్టినవారికి కనబడక తప్పదు.

ఇప్పుడు జంగమకోటె కాగితానికి వద్దాం. మా సూచనలు నాలుగు. మొదటిది కాలం. ఆషాఢం వద్దు. కైవార ఆరాధన అప్పుడే. పైగా ఈ పీఠభూమిలో ఆషాఢపు గాలి మొండిది. ఆరుబయట వీచే గాలి వేణువు పెదవి దగ్గరి ఊపిరిని చెదరగొడుతుంది, విజిల్ నోటినీ విడిచిపెట్టదు. సంక్రాంతి దాటాక, పుష్య బహుళ పంచమి నాటి త్యాగరాజ ఆరాధన ముగిసిన తరువాతి వారం మేలు. వానలు వెళ్ళి ఉంటాయి, కళాకారులు తీరికగా దొరుకుతారు.

రెండవది క్రమం. ఉదయం పూట కచేరీ పెట్టవద్దు. ఒక పక్క రేకు చుట్టేవారు, ఒక పక్క వెదురు కాల్చేవారు, ఒక పక్క పీక చెక్కేవారు పని చేస్తుండగా పిల్లలు చుట్టూ కూర్చోవాలి. ప్రతి పిల్లవాడూ తాను రంధ్రాలు వేసిన గొట్టంతో ఇంటికి వెళ్ళాలి. అది అపస్వరం పలికినా ఫరవాలేదు. ఎందుకు అపస్వరం పలికిందో ఆ పిల్లవాడికి తెలుస్తుంది.

మూడవది డబ్బు. వాయించేవారికి సంభావన, చేసేవారికి ‘అమ్ముకునే అవకాశం’ అన్న భేదం పోవాలి. ఇద్దరికీ దారిఖర్చులూ, రోజుకూలీ, శాలువా సమానంగా ఉండాలి. సముద్రాలు దాటి వచ్చేవారి టిక్కెట్టుకు డబ్బు పోగుచేసి, పక్క జిల్లా వెదురు పనివాడికి బస్సు ఛార్జీ మరచిపోతే ఆ ఉత్సవం పేరు మార్చుకోవాలి.

నాలుగవది లిపి. ఆహ్వానపత్రం తెలుగు లిపిలో మాత్రమే వేస్తే ఊళ్ళో సగంమంది చదవలేరు. కన్నడంలో మాత్రమే వేస్తే ఇంట్లో మాట్లాడే మాటకు పత్రంలో చోటుండదు. కైవార తాతయ్య పదాలు అచ్చయ్యే తీరునే, తెలుగు మాటను కన్నడ లిపిలో వేయండి. పక్కన కన్నడ పాఠమూ ఉంచండి. దీన్ని లోపంగా భావించే పండితులు ఉండవచ్చు. రెండు వందల ఏళ్ళుగా ఈ ప్రాంతంలో తెలుగు బతికిన దారి ఇదే కదా అని మా సమాధానం.

ఈ మాటలన్నీ విని మా విద్యార్థిని కాగితం తిరిగి తీసుకుంది. వారం తరువాత కొత్త ప్రతి తెచ్చింది. వేదిక చిన్నదైంది, మైకు ఖర్చు సగమైంది. ‘స్థలం మిగిలితే’ అన్న మాటలు ఇప్పుడు మరో చోట ఉన్నాయి, ముఖ్య అతిథుల ప్రసంగాల ఎదుట. ఉత్సవం జరుగుతుందో లేదో, జరిగితే ఎందరు వస్తారో మేము చెప్పలేము. ప్రణాళిక మాత్రం సరైన చోట మొదలైందని మా విశ్వాసం.