వాల్వు తిరిగింది... నీళ్లు ఆగలేదు!

“నీళ్లు కట్టేశానండీ!” మేడ మీంచి కేకేశాను. కింద కుళాయి తిప్పి చూడలేదు. నా మాట నమ్మి మేస్త్రీ రెంచి పట్టాడు.

రాజమండ్రిలో మాది ముప్పై ఏళ్ల నాటి ఇల్లు. వంటింటి సింకు కుళాయి ఎదురు గోడకి, ఎత్తులో ఉండేది. అమ్మకి కుడి భుజం పట్టేసి ఏడాదైంది. చెయ్యి పైకి లేవదు. గిన్నె కడిగినప్పుడల్లా మునివేళ్ల మీద లేచి, ఎడం చేత్తో తిప్పుకునేది. దాన్ని పక్క గోడకి, ఆవిడ మోచేతి ఎత్తుకి మార్చాలి. అంతే పని.

పాత ఇనప పైపు మూడో పట్టుకి టీ జాయింటు దగ్గర పుటుక్కుమంది. ధార ఎగిసి మిక్సీ పెట్టే స్విచ్చి వైపు కొట్టింది. మా ఆవిడ పరుగున వెళ్లి కరెంటు మెయిన్ ఆపేసింది.

“సార్, వాల్వు!”

మేడెక్కి గేట్ వాల్వు తిప్పాను. తిరుగుతూనే ఉంది, బిగుసుకోదు. లోపల కాడ తుప్పుకి విరిగిపోయింది. పొద్దున్నా ఉత్తినే తిరిగిందన్నమాట! కింద బియ్యం బస్తా తడుస్తోంది.

“ఒరేయ్, ట్యాంకులో కన్నానికి గుడ్డ కుక్కరా!” అమ్మ గొంతు.

మాది పొట్టి సిమెంటు ట్యాంకు. నడుం దాకా వంగి, అడుగున తడుముకుని, తువ్వాలు నొక్కాను. నీటి బరువుకి అదే బిగుసుకుపోయింది. ధార ఆగింది.

విప్పిన పైపు ముక్క చూపించాడు మేస్త్రీ. అరంగుళం పైపులో తుప్పు పేరుకుని, పెన్సిలు దూరేంత సందే మిగిలింది.

సాయంత్రానికి కొత్త టీ, బాల్ వాల్వు పడ్డాయి. పాత ఇనుముకీ కొత్త సీపీవీసీ ప్లాస్టిక్ పైపుకీ మధ్య ఇత్తడి మరల అడాప్టర్, దానికి టెఫ్లాన్ టేపు. ప్రతి అతుకునీ సాల్వెంటు రాసి, పావు చుట్టు తిప్పి, కాసేపు పట్టుకునే ఉన్నాడు. పైపు కోసం గోడలో కొట్టిన గాడి మాత్రం పూడ్చలేదు. మర్నాడు కొసకి ప్లగ్గు బిగించి, నీళ్లు వదిలి, అతుకుల కింద పొడి న్యూస్‌పేపరు పరిచాడు. ఆ రాత్రంతా అలాగే ఉంచాం. తెల్లారి చూస్తే కాగితం పొడిగానే ఉంది. అప్పుడు కలిపాడు సిమెంటు.

ఇప్పుడు అమ్మ కుడి చేత్తోనే తిప్పుతోంది.

మీ ఇంట్లో కుళాయి మార్చే ముందు ఒక్కసారి మేడెక్కి వాల్వు కట్టండి. కిందికొచ్చి కుళాయి తిప్పండి. నీళ్లు నిజంగా ఆగాయని కళ్లారా చూశాకే మేస్త్రీని పైపు ముట్టుకోనివ్వండి.