గుర్రము మేసిన నేల

"గుర్రము గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని మన పెద్దల సామెత. పని చేయక తినేవానిని ఎత్తిపొడుచుటకు దీనిని వాడుకొంటాము గాని, ఇందులో కొంత చరిత్ర కూడ దాగియున్నది. దాణా ఊరక రాదు; దానికి నేల కావలెను. గుర్రమును పోషించిన ప్రతి రాజ్యమూ, ప్రతి దండూ, ప్రతి పట్టణమూ దానికొరకు కొంత నేలను ప్రత్యేకించుకొనక తప్పలేదు. అట్టి నేల ఒకటి మన హోసూరు ప్రక్కనే ఉన్నది గనుక, ఈ యుగాది సంచికలో దానిని గురించి నాలుగు మాటలు చెప్పదలచినాము.

దక్షిణదేశములో మేలుజాతి గుర్రములు పుట్టి పెరుగుట అరుదు. మన ఎండలు వాటికి పడవు. ఏడాది పొడుగునా పచ్చిక దొరకదు. అందుచేత విజయనగర ప్రభువులు అరేబియా, పారసీక దేశముల గుర్రములను ఓడల మీద తెప్పించుకొనేవారు. రాజు ఏటేట 13,000 గుర్రములు కొనేవాడని, స్వయముగా గుర్రముల వ్యాపారియైన పోర్చుగీసువాడు నూనిజ్ వ్రాసిపెట్టినాడు. రేవులను చక్కగా చూచుకొని గుర్రముల వర్తకులను ఆదరింపవలెనని శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగములో చెప్పియుండుట మనవారెరిగినదే.

కొనుట ఒక ఎత్తు, మేపుట ఒక ఎత్తు. ఆ రెండవ భారమును విజయనగరము భూమి మీదనే మోపినది. నాయకులకు అమరముగా సీమలిచ్చి, ఆ రాబడిలో కొంత రాజునకు చెల్లించి, మిగిలినదానితో ఇన్ని గుర్రములను, ఇంత కాల్బలమును సిద్ధముగా ఉంచవలెనని నియమించినారు. అనగా ఒక సీమ విలువను వరహాలతోనే గాక గుర్రములతో కూడ కొలిచినారన్నమాట. ఆ నాయకుల వెంటనే ఎన్నో తెలుగు కుటుంబములు తమిళదేశమునకు దిగివచ్చినవి. మనలో పలువురి పూర్వులు వచ్చిన దారిలో గుర్రపు డెక్కల గుర్తులున్నవనుట అతిశయోక్తి కాదు.

గుర్రమునకు గడ్డి ఒక్కటే చాలదు. మన దేశములో దానికి ప్రధానమైన దాణా ఉలవలు. ఇంగ్లీషువారు ఉలవకు పెట్టిన పేరులోనే గుర్రమున్నది. వర్షము తక్కువై, వేరొక పైరు నిలువని ఎర్రచెలకలో కూడ ఉలవ పండుతుంది. మెట్ట రైతుకు ఎందుకూ కొరగాని చెలక సైతము ఈ విధముగా గుర్రపుశాలకు పనికివచ్చినది. గుగ్గిళ్లు గుర్రములకు, ఎడ్లకు పోగా, ఉలవకట్టు మన ఇండ్లలో చారైనది. ఈ నాడు హోటళ్లలో ఉలవచారును విందుభోజనముగా వడ్డిస్తున్నారంటే మన అవ్వలు నవ్వేవారు!

ఇక మన ఊరి సంగతి. 1809లో బెంగుళూరులో ఇంగ్లీషు దండు వెలసినది. అక్కడికి సుమారు 25 మైళ్ల దూరములో, సముద్రమట్టమునకు దాదాపు 3,000 అడుగుల ఎత్తున, చల్లని గాలి గల హోసూరు కుంపిణీవారి కంటబడినది. 1824లో మత్తిగిరి వద్ద సైన్యమునకు గుర్రములను పెంచుటకై ఒక క్షేత్రము నెలకొల్పినారు. దాని విస్తీర్ణము నేటికిని 1,600 ఎకరములకు పైమాటే.

ఇంత నేల ఎందుకని అడుగవచ్చును. మధ్యరకపు గుర్రము దినమునకు ఎనిమిది నుండి పది కిలోల ఎండుమేత తింటుంది. మంచి పచ్చిక గల చోటనే ఒక్కొక్క గుర్రమునకు ఎకరము, ఎకరమున్నర కావలెనని అనుభవజ్ఞుల లెక్క. పైగా దాని మేత తీరు వేరు. ఆవుకు పైదవడన ముందరి పండ్లు లేవు. గడ్డిని నాలుకతో చుట్టి లాగుతుంది. గుర్రమునకు రెండు వరుసలూ ఉన్నవి గనుక నేలబారుగా కొరుకుతుంది. తాను లద్దె వేసిన చోట మాత్రము మూతి పెట్టదు. అందుచేత ఒకే బయలు ఒక ప్రక్క గొరిగినట్టు, మరొక ప్రక్క కలుపుతో ఏపుగా పెరుగుతుంది. వాన పడినప్పుడు తిరుగనిస్తే డెక్కల క్రింద బురదయై, ఎండగానే గట్టిపడుతుంది. కనుక తెలిసినవారు బయళ్లను విభజించి, ఒకదానికి విశ్రాంతినిచ్చి మరొకదానిలో మేపుతారు. గుర్రము విడిచిన గడ్డికి ఆవులను తోలుతారు. నేల గొడ్డుపోకుండ ఉండుటకు ఇదే కీలకము.

అంత నేల ఒక్కచోట సర్కారు చేతిలో ఉండగా చుట్టుప్రక్కల పల్లెల పశువులకు మేత ఎక్కడ అను ప్రశ్న కూడ మరువరాదు. దండు గుర్రము ముందు పేదరైతు ఆవు ఏపాటిది? చరిత్ర చెప్పునప్పుడు ఆ ఆవు పక్షమున కూడ ఒక మాట చెప్పుట న్యాయము.

కాలము మారినది. ఆస్ట్రేలియా నుండి వేలరు గుర్రములు ఓడలలో మద్రాసుకు దిగినవి. తరువాత మోటారు వచ్చి గుర్రమును దండు నుండి, జట్కా నుండి కూడ తప్పించినది. బండిమేటలోని నీళ్లతొట్లు, లాడములు కొట్టేవారి కొలుములు, సాయంకాలము పచ్చగడ్డి మోపులమ్మే స్త్రీలు, అందరును మాయమైనారు. మత్తిగిరి క్షేత్రము పశువుల క్షేత్రమైనది. 1974 తరువాత హోసూరులో పారిశ్రామికవాడ పెరిగినది; 2019లో ఊరు నగరపాలక సంస్థ అయినది. అయినను ఆ పచ్చిక బయలు నిలిచియున్నది.

క్రిందటి ఏడు మన సంఘ సమావేశములో ఒక యువకుడు, "పెద్దయ్యగారూ, అంత నేల ఊరక పడియున్నది గదా, ఇండ్లస్థలములు చేస్తే ఎందరికో గూడు దొరకదా?" అని అడిగినాడు. గూడు లేనివాని కష్టము మాకు తెలియనిది కాదు. కాని అది ఊరక పడియున్న నేల కాదు. వాననీటిని త్రాగి బావులకు అందించే నేల అది. మద్రాసులో గిండీ పందెపు మైదానము 160 ఎకరముల కౌలును 2024లో ప్రభుత్వము రద్దుచేసి, అక్కడ చెరువులు త్రవ్వించి ఉద్యానవనము చేయబూనినది. బొంబాయి మహాలక్ష్మి మైదానములో 120 ఎకరములను ఉద్యానవనమునకై పురపాలక సంస్థకు అప్పగించుటకు ఆ ఏడే ఒప్పందము జరిగినది. గుర్రము పేర మిగిలిన నేల, గుర్రము తరువాత నగరమునకు ఊపిరి అగుచున్నది.

గుర్రమును మళ్లీ తెమ్మని మేము కోరము. అది మేసిన నేల విలువను మన పిల్లలకు తెలుపుమని మాత్రమే కోరుతాము. ఒక్కసారి ఇండ్లు లేచిన చోట మరల పచ్చిక మొలవదు. ఈ యుగాది పచ్చడి చవిచూచిన పిమ్మట, బిడ్డలను వెంటబెట్టుకొని మత్తిగిరి దారిన ఒక మైలు నడచి రండి. మన పూర్వులు ఈ దిక్కునకు ఎందుకు వచ్చినారో, వచ్చి ఏమి చూచినారో, ఆ గడ్డిబయలు కొంత చెప్పగలదు.