దయ్యం సినిమా - దయ్యం వార్త

దయ్యాల సినిమాల చరిత్ర మీద బీబీసీ 2010లో మూడు భాగాల డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. నటుడు, రచయిత మార్క్ గాటిస్ దాన్ని నడిపించాడు. మొదటి భాగంలో హాలీవుడ్ ఫ్రాంకెన్‌స్టైన్ కాలం, రెండో దాంట్లో బ్రిటన్‌లోని హామర్ కంపెనీ సినిమాలు, మూడో దాంట్లో 1960, 70ల నాటి అమెరికన్ సినిమాలు. ఇలాంటివి చూసినవాళ్ళు మామూలుగా ఏమని వాదించుకుంటారు? ఫలానా సినిమాని వదిలేశాడు, ఫలానా నటుడికి తక్కువ టైమిచ్చాడు అని. డ్రాక్యులా నిజంగా ఉన్నాడా లేడా అన్న వాదన రాదు. మేకప్ ఎలా వేశారో, కెమెరా ఎక్కడ పెట్టారో చూపించాక ఇక దయ్యానికి చోటెక్కడిది?

మన దగ్గర టీవీలో దయ్యం వస్తే సంగతి అంత తేలిగ్గా తేలదు. ఎందుకో తెలియాలంటే ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఊళ్ళ పాతికేళ్ళ చరిత్ర చూస్తే చాలు. దేశానికి వార్తలు వండి వడ్డించే హిందీ చానళ్ళు చాలావరకు ఉన్నది ఢిల్లీ, నోయిడాల్లోనే కదా!

ముందు సినిమా వాళ్ళ సంగతి. 1972లో "దో గజ్ జమీన్ కే నీచే"తో రామ్సే సోదరులు హిందీలో దయ్యాల సినిమాల పరిశ్రమే పెట్టారు. 1993లో వాళ్ళే జీ టీవీలో "జీ హారర్ షో" మొదలుపెట్టారు. 1995లో సోనీలో "ఆహట్" వచ్చింది. వీటిలో కథలు ఎంత నాసిగా ఉన్నా, చివర్లో త్రిశూలమో శిలువో వచ్చి దయ్యాన్ని మట్టుబెట్టినా, ఒక్క విషయంలో మాత్రం అవి నిజాయితీగా ఉన్నాయి. ఇది కథ అని ముందే చెప్పాయి. టైటిల్స్‌లో నటుల పేర్లు వేశాయి. పిల్లలు దుప్పటి ముసుగేసుకుని చూశారు, పొద్దున్నే లేచి బడికి పోయారు. ఆ దయ్యాన్ని పట్టిస్తే బహుమతి ఇస్తామని ఏ పోలీసూ ప్రకటించలేదు.

2001 మే నెలలో ఆ పని కూడా జరిగింది. ఘజియాబాద్‌లో మొదలైన పుకారు తూర్పు ఢిల్లీకి పాకింది. నాలుగడుగుల ఎత్తున్న "కాలా బందర్" రాత్రిపూట మేడలమీద నిద్రపోతున్నవాళ్ళని గోళ్ళతో రక్కి మాయమవుతోందట. ఒకరు హెల్మెట్ ఉందన్నారు, ఒకరు కళ్ళలో ఎర్రలైట్లు అన్నారు, ఇంకొకరు ఛాతీ మీద బటన్లు, కాళ్ళకి స్ప్రింగులు అన్నారు. అది మండు వేసవి, పైగా కరెంటు కోతలు. జనం డాబాల మీద చీకట్లో పడుకుంటున్నారు. ఎవరైనా కెవ్వుమంటే చాలు, వాడంతా లేచి పరుగు. ఆ పరుగులో మేడమీంచి, మెట్లమీంచి పడి కనీసం ఇద్దరు చనిపోయారు. పోలీసులకు వచ్చిన ఫోన్లు మూడొందలు దాటాయి. పోలీసులు ఊహాచిత్రాలు గీయించి, పట్టిస్తే 50 వేల రూపాయలు ఇస్తామన్నారు.

ఆజ్ తక్ 24 గంటల హిందీ వార్తల చానల్‌గా మొదలైంది 2000 డిసెంబర్ 31న. అంటే ఈ కోతి మనిషి వచ్చేసరికి దానికింకా ఐదు నెలలు నిండలేదు. రోజంతా నింపాల్సిన కొత్త చానళ్ళకి కోతి మనిషి దొరికాడు, కోతి మనిషికి చానళ్ళు దొరికాయి. చివరికి మనోవైద్యులు, ఫోరెన్సిక్ నిపుణులు గాయాలు పరిశీలించి తేల్చిందేమిటి? కోతి మనిషీ లేడు, మరమనిషీ లేడు. ఎలుక కాట్లు, తమకి తామే గీసుకున్న గీతలు, కంగారులో తగిలిన దెబ్బలు, మిగతాదంతా సామూహిక భయం. టీవీలో వర్ణన మారినప్పుడల్లా బాధితుల వర్ణన కూడా మారడం చూస్తే ఆశ్చర్యం ఏముంది?

పుకార్లు పుట్టడానికి టీవీయే కావాలా అని ఎవరైనా అడగొచ్చు. అక్కర్లేదు. 1995 సెప్టెంబర్ 21న వినాయకుడు పాలు తాగుతున్నాడన్న వార్త ఢిల్లీలో మొదలై దేశమంతా పాకింది, అదీ ఎక్కువగా టెలిఫోన్ల మీద. మన తెలుగు ఊళ్ళలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసిన రోజుల్లో ఏ చానలూ దాన్ని ప్రచారం చేయలేదు. పుకారు ఎప్పుడూ ఉంది. కానీ నోటి పుకారుకి "అట" అన్న తోక ఉండేది. టీవీ ఆ తోక కోసేసి దాని బదులు "బ్రేకింగ్ న్యూస్" అన్న ముద్ర వేసింది. తేడా అక్కడ ఉంది.

"జనం చూస్తున్నారు కాబట్టే చూపిస్తున్నాం" అన్నది చానళ్ళ వాదన. "మనోళ్ళకి ఇవే కావాలండీ" అని మనలో చాలామంది తలాడిస్తారు. 2008 మార్చి 3 రాత్రి జరిగింది దీనికి జవాబు. ఇండియా టీవీ చర్చలో పండిట్ సురేందర్ శర్మ అనే తాంత్రికుడు మంత్రంతో మనిషిని మూడు నిమిషాల్లో చంపగలనన్నాడు. హేతువాది సనాల్ ఎడమరుకు, అయితే నన్ను చంపి చూపించు అన్నాడు. శర్మ మంత్రాలు చదివాడు, నీళ్ళు చల్లాడు, కత్తి ఝళిపించాడు. సనాల్ నవ్వుతూ కూర్చున్నాడు. మూడు నిమిషాలు గంటలయ్యాయి. చానల్ మిగతా కార్యక్రమాలు ఆపి దీన్నే నడిపింది. అర్ధరాత్రి ఆరుబయట హోమం పెట్టి చేసిన ఆఖరి ప్రయోగం కూడా అయిపోయింది. సనాల్‌కి ఏమీ కాలేదు.

ఒక హేతువాది చావకుండా ఉండటాన్ని జనం రాత్రి పొద్దుపోయేదాకా కళ్ళప్పగించి చూశారు. అంటే ప్రేక్షకులకి కావలసింది మూఢనమ్మకం కాదు, ఉత్కంఠ. పరీక్షలో కూడా ఉత్కంఠ ఉంటుంది. అయినా చానళ్ళు నేర్చుకున్నది ఇది కాదు. పరీక్ష పెడితే ఒక్క రాత్రిలో తేలిపోతుంది, తేల్చకుండా ఉంచితే రోజూ నడుస్తుంది! వ్యాపారం దృష్ట్యా రెండోదే లాభం.

పదేళ్ళకి, 2018 జూలై 1న, ఢిల్లీ బురాడీలో ఒకే ఇంట్లో 11 మంది చనిపోయి కనిపించారు. ఏడుగురు ఆడవాళ్ళు, నలుగురు మగవాళ్ళు. ఇంటి గోడకి 11 పైపులు ఉన్నాయని, ఏడు వంపు తిరిగాయని, నాలుగు నిటారుగా ఉన్నాయని చానళ్ళు లెక్కలు చెప్పాయి. ఆత్మల కోసం పెట్టారన్నట్టు మాట్లాడాయి. పైపుల్ని లెక్కపెట్టినంత శ్రద్ధగా ఆ ఇంట్లో దొరికిన నోటు పుస్తకాలు చదివి ఉంటే అసలు కథ ముందే తెలిసేది. చనిపోయిన తండ్రి తనతో మాట్లాడుతున్నాడని నమ్మిన ఒక కొడుకు, ఆ మాటల్ని ఏళ్ళ తరబడి ఆజ్ఞల్లా పాటించిన కుటుంబం. ఆఖరి క్షణంలో తండ్రి వచ్చి రక్షిస్తాడనుకున్నారు. వాళ్ళు చావాలనుకోలేదు, ప్రమాదవశాత్తూ పోయారని మానసిక శవపరీక్ష చెప్పింది.

2021లో నెట్‌ఫ్లిక్స్‌లో లీనా యాదవ్ తీసిన మూడు భాగాల డాక్యుమెంటరీ "హౌస్ ఆఫ్ సీక్రెట్స్" వచ్చింది. చూసినవాళ్ళలో కొందరికి అది "దయ్యం సినిమాకన్నా భయంగా" అనిపించింది. కొందరికి సస్పెన్స్ తేల్చలేదని నిరాశ కలిగింది. నాకు ఆ నిరాశలోనే అసలు జబ్బు కనిపిస్తోంది. వైద్యం అందని మనసు, ఇంటిపెద్ద మాటకి ఎదురు చెప్పకూడదన్న పెంపకం, నాలుగు గోడల మధ్య రహస్యం - ఈ మూడూ అందులో ఉన్నాయి. కానీ దయ్యం కోసం ఎదురుచూసేవాడికి ఇవి జవాబుల్లా కనిపించవు. 2021 జనవరిలో మదనపల్లెలో చదువు చెప్పే తల్లిదండ్రులే, మళ్ళీ బతుకుతారన్న నమ్మకంతో ఇద్దరు కూతుళ్ళని చంపుకున్నారన్న వార్త వచ్చినప్పుడు మన తెలుగు చానళ్ళు అడిగిన ప్రశ్నలూ ఇలాంటివే. క్షుద్రపూజ ఏమిటి, ముగ్గు ఎలా వేశారు అన్నారే గాని, ఆ ఇంట్లో ఎవరికైనా వైద్యం అవసరమైందేమో అన్న ప్రశ్న వెనకబడింది.

దయ్యం సినిమాలు మానేయమని నేననను. టికెట్టు కొనుక్కుని భయపడటం సరదాయే. కానీ వార్త పేరుతో భయపెట్టేవాణ్ణి ప్రేక్షకుడు మూడు ప్రశ్నలు అడగాలి. కళ్ళారా చూసినవాళ్ళెవరు? గాయాన్ని పరీక్షించిన డాక్టరెవరు? రేపు ఇది అబద్ధమని తేలితే ఇంతసేపూ చూపిస్తారా? 2017లో జడలు కత్తిరించే దయ్యం పుకారు ఢిల్లీ, హర్యానాల్లో చెలరేగినప్పుడు ఆగ్రా దగ్గర ఒక ముసలమ్మని మంత్రగత్తె అని కొట్టి చంపారు. ఆ గుంపులో ఒక్కడు ఈ ప్రశ్నలు అడిగి ఉంటే ఆమె బతికేదేమో.

బురాడీ ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. దయ్యాల కొంప అని అద్దెకు ఎవరూ రాలేదు. 2019 చివర్లో ఒకాయన ధైర్యంగా తీసుకుని అందులో రక్తపరీక్షల కేంద్రం పెట్టాడు. ఏ చానలైనా ఆ ఇంట్లో కెమెరా పెట్టి చూపించాల్సింది ఉంటే, అదే.