ఓడెక్కని చేపలు

విశాఖపట్నం రేవు చరిత్ర రాసేవాళ్ళు ఏ సరుకు ఎప్పుడు ఓడెక్కిందో చెబుతారు. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి ‘జలదుర్గ’ కొత్త రేవులోకి వచ్చిన మొదటి ఓడ. ఆ ఏడాది డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభోత్సవం చేశాడు. రాయపూర్ నుంచి విజయనగరానికి రైలు మార్గం అప్పటికి రెండేళ్ల కిందటే పూర్తయింది. మధ్యపరగణాల మాంగనీసు ఆ దారినే వచ్చి ఇక్కడ ఓడెక్కింది. తర్వాత బైలడిల్లా ఇనుప ఖనిజం, దాని వెనకే రొయ్యలు. ఇదంతా రికార్డుల్లో ఉంది.

ఓడెక్కనివాటి లెక్క మాత్రం వంటిళ్లలో వెతుక్కోవాలి. నెత్తళ్ళ పులుసు, సొర పుట్టు, చేప తలకాయ పులుసు, వంకాయలో పడే ఎండు చేప, చింతచిగురులో పడే రొయ్యపొట్టు: ఉత్తరాంధ్ర తీరం తనవిగా చెప్పుకునే ఈ వంటలు కలిగినవాళ్ల ఇళ్లలో పుట్టినవి కావు. ధర పలికే సరుకు బయటికి పోయాక చవగ్గా మిగిలిన దాంతో ఆడవాళ్ళు పట్టిన రుచులివి. ఏ కాలంలో ఏది చవగ్గా మిగిలిందో చూస్తే ఈ ఊరి వంట చరిత్ర సగం తెలిసిపోతుంది.

మొదట ఉప్పు సంగతి. ఐసు రాకముందు చేప నిలవుండాలంటే రెండే దార్లు: ఎండబెట్టడం, ఉప్పు పట్టించడం. నెత్తళ్ళ వంటి సన్న చేపలకు ఉప్పు లేకపోయినా ఫరవాలేదు. ఒడ్డున ఇసుక మీద పరిచి, మంచి ఎండ తగిలితే గలగల్లాడతాయి. పెద్ద చేపను మాత్రం చీల్చి, పేగులు తీసి, ఉప్పు దట్టించాల్సిందే. మద్రాసు ప్రెసిడెన్సీలో 1805 నుంచి ఉప్పు సర్కారు గుత్తసొత్తు. దాని మీద పన్ను కట్టి, కొని, చేపకు పట్టించడం పల్లెకారులకు గిట్టుబాటయ్యేది కాదు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేస్తూ ఈ దేశపు చేపల్ని పట్టి పరిశీలించిన ఫ్రాన్సిస్ డే, 1873లో సముద్రపు చేపల మీద ఇచ్చిన నివేదికలో ఉప్పు పన్ను ఈ వృత్తిని ఎలా దెబ్బతీస్తోందో చర్చించాడు. తర్వాతి ఏళ్లలో తీరం వెంబడి ఉప్పు చేపల యార్డులు వెలిశాయి. ఆ ప్రహరీ దాటకుండా, సర్కారు కళ్ళముందు వాడుకునే ఉప్పుకు మాత్రం పన్ను మినహాయింపు. 1905లో ఫ్రెడరిక్ నికల్సన్‌కు మత్స్య పరిశ్రమను పరిశీలించే పని అప్పగించారు. 1907లో మద్రాసు మత్స్యశాఖ పుట్టింది. ఉప్పు పన్ను పూర్తిగా పోవడానికి 1947 దాకా ఆగాల్సి వచ్చింది.

అలా ఎండిన చేప ఒడ్డున ఉండిపోలేదు. పచ్చి చేప చేరలేని చోటికల్లా అది చేరింది. పాడేరు, అరకు వైపు వారపు సంతల్లో ఎండు చేపల గంపలు లేని సంత ఉండదు. మైదానంలో పొలం పనికి పోయేవాళ్లకు పొద్దున్నే చోడి అంబలి, అందులోకి నంజుకోవడానికి నిప్పుల మీద కాల్చిన ఎండు చేప ముక్క. ఒక్క ముక్కతో ముంత అంబలి లోపలికి పోతుంది. కూర వండాలంటే నూనె, చింతపండు, కట్టెలు కావాలి. ఎండు చేపకు పొయ్యిలో ఆరిపోతున్న నిప్పు చాలు.

రెండో మలుపు రొయ్యలది. 1960లలో మరపడవలు వచ్చాయి, 1970ల మధ్యకల్లా ఔటర్ హార్బర్ పక్కన చేపల రేవు సిద్ధమైంది. జపాను ఒక చేత్తో బైలడిల్లా ఇనుము, ఇంకో చేత్తో రొయ్యలు కొన్నది. విశాఖ కేంద్రంగా పెద్ద ట్రాలర్లు హుగ్లీ ముఖద్వారం దగ్గరి శాండ్‌హెడ్స్ దాకా వెళ్ళి టైగర్ రొయ్యల కోసం వల లాగేవి. ఆ వ్యాపారంలోకి పెద్ద పెద్ద కంపెనీలు దిగాయి; బ్యాటరీలు, పురుగుమందులు తయారుచేసే యూనియన్ కార్బైడ్ కూడా 1970లలో ఇక్కడ రొయ్యల పడవలు నడిపింది.

ట్రాలు వలకి రొయ్యేదో, గొరక ఏదో తెలియదు. అడుగు గీరుకుంటూ వచ్చినదంతా ఎత్తుకొస్తుంది. రొయ్యల బరువుకు ఎన్నో రెట్లు చిన్నాచితకా చేపలు పడేవి. పెద్ద ట్రాలర్ల శీతల గదుల్లో చోటు రొయ్యకే గనక మిగతాది తిరిగి సముద్రంలోకి పారబోసేవారు. ఒకటి రెండు రోజుల్లో తిరిగొచ్చే చిన్న మరపడవలు మాత్రం ఆ చేపల్ని ఒడ్డుకు తెచ్చాయి. వాటిని కొనడానికి జెట్టీ మీద కాచుకున్నది ఆడవాళ్ళే. వాడబలిజ, జాలరి కుటుంబాల్లో వేట మగవాళ్లది, అమ్మకం ఆడవాళ్లది. వేలం పాటలో రొయ్యల్ని కంపెనీల ఏజెంట్లు ఎగరేసుకుపోతే, మిగిలిన కుప్పల్ని వీళ్ళు పాడుకున్నారు. పచ్చిగా పోయేవి గంపల్లో పూర్ణా మార్కెట్‌కి, కంచరపాలేనికి, గడప గడపకీ పోయాయి. పోనివి ఎండకెక్కాయి. వెండి పట్టీల్లా పొడుగ్గా ఉండే సావిడాయల్ని తాళ్ళ మీద వేలాడదీసి ఎండబెట్టడం ఇప్పటికీ చేపల రేవు దగ్గర కనబడుతుంది.

ఈ చవక సరుకుని వండడం తేలికేం కాదు. సొరనే తీసుకుంటే, దాని కండలో యూరియా ఉంటుంది. చచ్చిన తర్వాత అది అమ్మోనియాగా మారి ముక్కు పట్టుకునేలా చేస్తుంది. గరుకు కాగితంలాంటి తోలు సరేసరి. అందుకే పుట్టు వండేవాళ్ళు సొరను పెద్ద ముక్కలుగా కోసి, పసుపు, ఉప్పు వేసిన నీళ్లలో ముందు ఉడికిస్తారు. తోలు ఊడొస్తుంది. నీళ్ళు పారబోసి, కండని గుప్పెట్లో పెట్టి నీరంతా పోయేలా పిండి, పొడి పొడిగా చిదుపుతారు. వాసన ఆ నీళ్లతోనే పోతుంది. బాణలిలో ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి బాగా వేగాక ఈ పొడి వేసి, తడి ఆరేదాకా సన్న సెగ మీద కలుపుతూ ఉండాలి. చిన్నవిగా ఉండే పాల సొరలైతే బాలింతలకు పాలు పడతాయని ప్రత్యేకంగా వెతికి తెస్తారు. ఎముకలు ఉండవు గనక పిల్లలకీ భయం లేకుండా పెట్టొచ్చు.

తలకాయది ఇంకో తీరు. వంజరం ముక్కలు హోటళ్లకు, కలిగినవాళ్ల ఇళ్లకు పోతాయి. తల, తోక, పొట్ట దగ్గరి కొవ్వు ముక్క కత్తిపీట పక్కన వేరే వాటాగా పడతాయి. తల కొన్నవాళ్ళు మొప్పలు పూర్తిగా తీయించుకోవాలి, లేకపోతే పులుసు చేదెక్కుతుంది. నిలువునా రెండు చేసి, ఉప్పు, పసుపుతో రుద్ది కడిగి, చిక్కటి చింతపండు పులుసు తెర్లుతున్నప్పుడు వేస్తారు. ఆ తర్వాత గరిటె పెట్టకూడదు. గిన్నె చెవులు పట్టుకుని అటూ ఇటూ తిప్పడమే. తలలోని జిగురు పులుసులోకి దిగి చిక్కబడుతుంది. మర్నాటికి రుచి పెరగడం దాని వల్లే కాదు, పులుపూ కారమూ కండలోకి ఇంకడం వల్ల కూడా.

ఉక్కు నగరం పుట్టుకతో ఈ వంటలకు కొత్త గిరాకీ వచ్చింది. 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైంది. మధ్యలోని రెండు దశాబ్దాలూ పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, ఒడిశా నుంచి గాజువాక చుట్టుపక్కలకు జనం వచ్చిపడ్డారు. ఒంటి గదిలో కిరోసిన్ స్టవ్వు మీద వండుకునే కాంట్రాక్టు కూలీకి ఫ్రిజ్ అక్కర్లేని, పప్పు కన్నా త్వరగా ఉడికే, గుప్పెడు వేస్తే కూరంతటికీ రుచి పట్టే సరుకు ఎండు నెత్తళ్ళే. తల గిల్లి, పొడి మూకుట్లో వేయించి, ఇసుక పోయేలా వేన్నీళ్లలో రెండుసార్లు కడిగి వంకాయలోనో మామిడికాయలోనో వేస్తే అన్నం గడిచిపోతుంది. ఇబ్బందల్లా వాసనే. ఎండు చేప వేగుతున్న సంగతి వీధి చివరిదాకా తెలుస్తుంది, అద్దె ఇంట్లో అయితే ఇల్లుగలవాళ్లకి ముందు తెలుస్తుంది.

మంచి ముక్క ఒకరికి, మిగిలింది మరొకరికి అనే ఈ పంపకం విశాఖకే పరిమితం కాదు. అమెరికాలో టర్కీ కోడి రొమ్ము మాంసానికి ఉన్న గిరాకీ తోకకు లేదు. కొవ్వు పట్టిన ఆ తోక ముక్కల్ని గడ్డకట్టించి పసిఫిక్ దీవులకు పంపారు. సమోవాలో అవి జనం ఇష్టంగా తినే వంటయిపోయాయి. ఊబకాయం పెరుగుతోందని సమోవా ప్రభుత్వం 2007లో వాటి దిగుమతిని నిషేధించింది. ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరే క్రమంలో ఆ నిషేధాన్ని ఎత్తేయాల్సి వచ్చింది.   సమోవా అనుభవం విశాఖకు తెలిసిన కథే, ఒక్క తేడాతో: అక్కడికి మిగులు ముక్క సముద్రం దాటి వచ్చింది, ఇక్కడ మిగులు ఊళ్ళోనే ఉండిపోయింది.

ఉండిపోయినదీ ఇప్పుడు కదులుతోంది. ఒకప్పుడు ఎవరూ పట్టించుకోని సావిడాయలు 1990ల నుంచి గడ్డకట్టించి చైనాకు పోతున్నాయి. కుప్పల్లో మిగిలే చిన్న చేపల్ని మేత మిల్లులు లారీల్లో ఎత్తుకుపోతున్నాయి. అవి పొడి అయి కోళ్లకూ, చెరువుల్లోని రొయ్యలకూ మేతవుతాయి. ఎండబెట్టుకునే ఆడవాళ్ళు జెట్టీ మీద ఇప్పుడు మిల్లులతో పోటీపడి పాడుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో పడవలన్నీ కట్టేసి ఉంటాయి, అప్పుడు ఎండు చేప ఇంకా ప్రియం. సొర పుట్టు, నెత్తళ్ళ వేపుడు బీచ్ రోడ్డు హోటళ్ల మెనూలకెక్కాయి. గంప నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగే ఆవిడ దగ్గర సొర కొనాలన్నా ఇప్పుడు బేరమాడక తప్పదు.

రొయ్యల సంగతి తిరగబడింది. 2009లో వనామీ రకం రొయ్యల సాగుకు అనుమతి వచ్చాక ఆంధ్ర చెరువులు దేశంలోకెల్లా ఎక్కువ రొయ్యలు పండించాయి. 2023-24లో దేశం నుంచి 17,81,602 టన్నుల సముద్ర ఉత్పత్తులు, రూ.60,523.89 కోట్ల విలువైనవి ఎగుమతయ్యాయి. ఆ విలువలో సింహభాగం గడ్డకట్టించిన రొయ్యలదే, వాటిని పంపే రేవుల్లో విశాఖది ముందు వరుస. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా 50 శాతం సుంకం వేయడంతో చెరువు గట్టు మీద రేటు పడింది. రొయ్యల్ని మన ఊళ్లలోనే ఎక్కువ తినేలా చూడాలని రైతులు, ప్రభుత్వం మాట్లాడటం మొదలుపెట్టారు. ఎగుమతి రొయ్యని ఎక్కువగా ఫ్యాక్టరీలోనే తల తీసి పంపిస్తారు. వీధి మార్కెట్లో దొరికేది తలతో ఉన్నది, అందుకే కిలో రేటు తక్కువ. తల తీస్తే బరువులో మూడో వంతుకు పైనే పోతుంది గనక, కొనేవాళ్ళు రెండు రేట్లనూ పక్కపక్కన పెట్టి లెక్క చూసుకున్నాకే సంచీ చాపుతారు.