వీసా పోతుందా అన్నా?

పోయిన చలికాలం ఒక రాత్రి పదకొండు దాటాక ఫోను. ఖమ్మం నుంచి బ్రిటన్‌కి ఎమ్మెస్సీ చదవడానికి వచ్చిన అబ్బాయి. పార్ట్ టైం పని ముగించుకుని నడిచి వస్తుంటే కారులో పోతున్నవాళ్ళు బూతులు తిట్టి కోడిగుడ్లు విసిరారు. ఒకడు దిగి వచ్చి, మీ దేశం పొమ్మంటూ తోసేశాడు. మోచేయి దోక్కుపోయింది. అదంతా చెప్పి, చివరికి గొంతు తగ్గించి అడిగాడు: "పోలీసులకి చెబితే వీసా పోతుందా అన్నా?"

పోదు తమ్ముడూ అన్నాను. సరైన వీసా మీద ఉన్నవాడు బాధితుడిగా ఫిర్యాదు చేస్తే ఆ కారణంతో వీసా రద్దు చేసే నిబంధన బ్రిటన్‌లో లేదు. కానీ అతని భయం నాకు అర్థమైంది. స్టేషన్ మెట్లెక్కాలంటే తెలిసిన పెద్దమనిషిని వెంటబెట్టుకుని పోయే ఊళ్ళ నుంచి వచ్చాం మేమిద్దరం. ఇక్కడి పోలీసు మాత్రం మన మాట ఎందుకు వినాలి? దీనికి జవాబు ఈ దేశపు చరిత్రలో ఉంది.

ఇక్కడి పోలీసులు కూడా పుట్టుకతో మంచి శ్రోతలు కారు. 1978 మే 4న తూర్పు లండన్ వైట్‌చాపెల్‌లో, కుట్టుపని నుంచి ఇంటికి వెళ్తున్న అల్తాబ్ అలీ అనే బెంగాలీ యువకుణ్ణి పొడిచి చంపారు. పది రోజులకి సుమారు 7,000 మంది అతని శవపేటిక వెంట ప్రధాని నివాసం దాకా నడిచారు. 1998లో అక్కడి పార్కుకి అతని పేరు పెట్టారు. నేను లండన్ వచ్చిన కొత్తలో ఆ పార్కులోనే కూర్చుని డబ్బాలో తెచ్చుకున్న అన్నం తినేవాణ్ణి. ఆ పేరు ఎవరిదో చాలా ఏళ్ళు తెలియదు.

తర్వాత 1993 ఏప్రిల్ 22. ఆగ్నేయ లండన్‌లోని ఎల్తమ్‌లో స్నేహితుడితో కలిసి బస్సు కోసం చూస్తున్న 18 ఏళ్ళ స్టీఫెన్ లారెన్స్‌ని తెల్లజాతి కుర్రాళ్ళ గుంపు పొడిచింది. జమైకా నుంచి వచ్చిన కుటుంబం. ఆర్కిటెక్ట్ కావాలనుకున్న పిల్లవాడు. చూసిన స్నేహితుణ్ణి పోలీసులు సాక్షిలా కాక అనుమానితుడిలా చూశారు. నిందితుల పేర్లు ఒకటి రెండు రోజుల్లోనే అందినా రెండు వారాల దాకా ఒక్క అరెస్టు లేదు. అనుమానితుల పేర్లు రాసిన కాగితాన్ని తల్లి డొరీన్ ఒక పై అధికారి చేతికిస్తే, అతను దాన్ని మడత మీద మడత పెడుతూ పోయాడని ఆమె తర్వాత విచారణలో చెప్పింది. ఆ కాగితం మడతలు నన్నిప్పటికీ వెంటాడతాయి.

ఆ తల్లిదండ్రులు వదల్లేదు. ఈ కేసు మీద మాజీ న్యాయమూర్తి మాక్‌ఫర్సన్ జరిపిన విచారణ నివేదిక 1999 ఫిబ్రవరిలో వచ్చింది. పోలీసు వ్యవస్థలోనే జాతి వివక్ష ఉందని తేల్చి 70 సిఫార్సులు చేసింది. వాటిలో రెండు మన పిల్లలకి తెలియాలి. బాధితుడు గానీ, మరెవరైనా గానీ జాతి ద్వేషంతో జరిగిందని భావిస్తే పోలీసులు దాన్ని అలాగే నమోదు చేయాలన్నది ఒకటి. రోజులో ఏ వేళైనా, స్టేషన్‌కి వెళ్ళకుండా కూడా ఫిర్యాదు చేసే వీలుండాలన్నది రెండోది. కోర్టులో శిక్ష పడాలంటే రుజువు కావాల్సిందే. కానీ "అది మామూలు గొడవే" అని మొదటి మెట్టు మీదే తిప్పి పంపకూడదు. స్టీఫెన్ హంతకుల్లో ఇద్దరికి శిక్ష పడింది మాత్రం 2012లో, దాదాపు 19 ఏళ్ళకి.

పుట్టుకని బట్టి చేసే దాడి మనకీ తెలియని సంగతి కాదు. 1985లో కారంచేడులో దళితుల ఊచకోత జరిగాక, నాలుగేళ్ళకి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం వచ్చింది. పుట్టుకని చూసి కొట్టిన దెబ్బ వేరని రెండు దేశాలూ ప్రాణాలు పోయాకే ఒప్పుకున్నాయి. ఇక్కడ ఇంగ్లండ్‌లో మామూలు దాడికి గరిష్ఠ శిక్ష ఆరు నెలలైతే, జాతి ద్వేషంతో చేస్తే రెండేళ్ళు. ఇది 1998 చట్టం.

ఆ రాత్రి ఆ అబ్బాయికి చెప్పినవే ఇక్కడా చెబుతాను. దాడి జరుగుతుంటే 999కి ఫోన్ చెయ్యి. అయిపోయాక 101కి, లేదా పోలీసుల ట్రూ విజన్ వెబ్‌సైటు. చొక్కా ఉతక్కు, గాయం ఫోటో తీయి, టైమూ వీధి పేరూ రాసిపెట్టు. ఇంగ్లిషు తడబడితే దుభాషిని అడుగు, అది నీ హక్కు. విక్టిమ్ సపోర్ట్ అనే స్వచ్ఛంద సంస్థ పోలీసులకి చెప్పినా చెప్పకపోయినా ఉచితంగా తోడుంటుంది. వీసా గడువు దాటినవాళ్ళ సంగతి వేరు, పోలీసుల నుంచి ఇమ్మిగ్రేషన్‌కి సమాచారం వెళ్ళే అవకాశం ఉంది కాబట్టి వాళ్ళు ముందు లాయర్‌తో మాట్లాడుకోవాలి.

ఆ అబ్బాయి మర్నాడు 101కి ఫోన్ చేశాడు. ఫిర్యాదు నంబరు ఇచ్చారు, ఇద్దరు వచ్చి వాంగ్మూలం రాసుకున్నారు. కారు దొరకలేదు. అయినా విక్టిమ్ సపోర్ట్ నుంచి ఒకావిడ నెల రోజులు వారం వారం ఫోన్ చేసింది. అతను మళ్ళీ అదే దారిన పనికి వెళ్తున్నాడు.

మన ఊళ్ళలో ఉన్న అమ్మానాన్నలకి ఒక మనవి. పిల్లలు ఫోన్లో ఇలాంటిది చెబితే "మనకెందుకులే, ఊరుకో" అనకండి. ఫిర్యాదు నంబరు తీసుకున్నావా అని అడగండి.