దీవుల్లో మనుషులు – ఫొటోల్లో చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు కోరారు. రాజుల గురించి, కోటల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. అందుచేత నాకు ఎన్నో ఏళ్లుగా ఆసక్తి ఉన్న ఒక చిన్న విషయం ఎంచుకున్నాను. మన తీరంలోని దీవుల్లో చేపలు పట్టి బతికేవారిని ఎవరు ఫొటోలు తీశారు, ఆ ఫొటోలు మనకేం చెబుతున్నాయి అన్నదే ఆ విషయం.

లింగంపల్లిలో నారాయణాద్రి ఎక్కి గూడూరులో దిగి, చెన్నై వైపు బండి మారితే సూళ్లూరుపేట వస్తుంది. దానికి తూర్పున పులికాట్ సరస్సు. ఒడిశాలోని చిల్కా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రలోను, కొంత తమిళనాడులోను ఉంది. 2022లో జిల్లాలు మారినప్పుడు ఈ ప్రాంతం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. సరస్సుకు, బంగాళాఖాతానికి నడుమ శ్రీహరికోట దీవి. సరస్సు లోపల ఇరకం, వేనాడు వంటి దీవులు. శ్రీహరికోట పేరు చెప్పగానే మనందరికీ రాకెట్లే గుర్తుకొస్తాయి. అయితే ఆ దీవికి రాకెట్ల కంటే చాలా పాత చరిత్ర ఉంది.

శ్రీహరికోట అడవుల్లో యానాదులు తరతరాలుగా ఉండేవారు. చేపలు, పీతలు పట్టడం, తేనె తీయడం, దుంపలు, మూలికలు సేకరించడం వారి జీవనం. 1835లో ఈ దీవి ఈస్టిండియా కంపెనీ పాలన కిందికి వచ్చింది. అప్పటినుంచే వీరి సంగతులు సర్కారు కాగితాల్లోకి ఎక్కడం మొదలైంది.

ఫొటోల కథ ఆ తర్వాతిది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారిగారి సహాయంతో దక్షిణ భారత కులాలు, తెగల గురించి ఏడు సంపుటాల గ్రంథం 1909లో వెలువరించాడు. యానాదుల సంగతి ఏడో సంపుటిలో ఉంది. కర్రను కర్రతో మథించి వారు నిప్పు పుట్టించే ఫొటో కూడా అందులో ఉంది. థర్‌స్టన్‌కు మనుషుల తలలు, ముక్కులు కొలవడం ఒక శాస్త్రం. ఆ కొలత పరికరాలు చూసి జనం భయపడేవారట. ఆ ఫొటోలు కూడా చాలావరకు కొలతల దృష్టితో తీసినవే. బొమ్మ కింద సాధారణంగా కులం పేరు ఉంటుందే గాని, మనిషి పేరు ఉండదు. ఆ నిప్పు రాజేసినవాడు ఎవరు? అతని ఊరేది? అతని మనుమలు ఎక్కడున్నారు? ఆ పేజీ చూసి ఎవరూ చెప్పలేరు.

ఆ రోజుల్లోనే యానాదుల్లో కొందరిని నేరస్థ జాతుల చట్టం కిందికి తెచ్చారు. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. దాని రద్దుకు కృషి చేసినవారిలో నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్యగారు ముఖ్యులు. ఆయన 1962లో యానాదులపై ఇంగ్లీషులో ఒక పుస్తకమే ప్రచురించారు. కొలత కర్ర పట్టుకుని వెళ్లినవాడి రాతకు, కష్టసుఖాలు పంచుకున్నవాడి రాతకు తేడా ఎలా ఉంటుందో ఈ రెండు పుస్తకాలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 1961 జనాభా లెక్కల సందర్భంగా మన రాష్ట్రంలో వెలువడిన గ్రామ సర్వే గ్రంథాల్లో కూడా ఇళ్లు, పనిముట్లు, పండుగల ఫొటోలున్నాయి. పాత లైబ్రరీల్లో దొరికితే తప్పక చూడవలసినవి.

1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్ అక్కడినుంచి ఎగిరింది. దేశానికి అది గర్వకారణం, సందేహం లేదు. కాని దానికోసం దీవిలోని ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఖాళీ అయిన ఊరు మళ్లీ కనిపించాలంటే పెద్దల జ్ఞాపకంలోనో, ఎవరో తీసిన ఫొటోలోనో కనిపించాలి.

నేను 1980లలో తడ దగ్గర భీములవారిపాలెం నుంచి పడవలో ఇరకం వెళ్లి కొన్ని ఫొటోలు తీశాను. నాది అగ్ఫా క్లిక్-3. రోలుకు పన్నెండే ఫొటోలు. కనుక ముందు మాటామంతీ, ఆ తర్వాతే బటన్ నొక్కడం. ప్రతి ఫొటో వెనుక పేరు, ఊరు, తేదీ రాసేవాణ్ణి, ఒక కాపీ వారికి పంపేవాణ్ణి. కొన్నేళ్ల తర్వాత మళ్లీ వెళితే ఒక ఇంట్లో ఆ కాపీయే పెద్దది చేయించి, దండ వేసి గోడకు తగిలించి ఉంది. ఆ ఇంటి పెద్దాయనకు జీవితంలో తీసిన ఫొటో అదొక్కటేనని చెప్పారు.

ఫొటో ఒక్కటే అన్నీ చెప్పదు కూడా. పులికాట్ జాలరుల్లో ‘పాడు’ అనే కట్టుబాటు ఉంది. ఏ తావులో ఏ రోజు ఎవరు వల వేయాలో వంతులవారీగా నిర్ణయించుకుంటారు. అందరికీ మంచి తావు దక్కాలన్నది దాని ఉద్దేశం. ఒడ్డున కూర్చున్న మనిషిని ఫొటో తీస్తే చూసేవారు ఖాళీగా ఉన్నాడనుకుంటారు. నిజానికి అతను తన వంతు కోసం ఆగినవాడు. ఆ మాట ఎవరైనా రాసి ఉంచితేనే తెలుస్తుంది. స.వెం.రమేశ్ గారి ‘ప్రళయకావేరి కథలు’ ఈ సరస్సు దీవుల జీవితాన్ని అక్కడి మాటలోనే చెప్పాయి. అటువంటి పుస్తకం పక్కన ఉంటే ఫొటోకు కూడా నోరొస్తుంది.

ఐర్లండులో గ్రేట్ బ్లాస్కెట్ అనే జాలరుల దీవి ఉంది. బతకడం కష్టమై 1953లో అక్కడివారిని ఒడ్డుకు తరలించారు. అంతకుముందే ఆ దీవివాసులు కొందరు తమ జీవితాన్ని తామే పుస్తకాలుగా రాసుకున్నారు. ఇప్పుడు దీవికి ఎదురుగా ఒడ్డున ఒక కేంద్రంలో వారి ఫొటోలు, రాతలు భద్రంగా ఉన్నాయి. మన దీవులకు కూడా అలాంటిది ఒకటి ఉండాలని నా కోరిక.

అంతదాకా ఎందుకు, మన లింగంపల్లి సంగతే చూడండి. నల్లగండ్ల చెరువు ఇప్పుడు అపార్టుమెంట్ల నడుమ ఉంది. ఆ చెరువు చుట్టూ పొలాలున్న రోజుల ఫొటో మనలో ఎందరి దగ్గర ఉంది? శేరిలింగంపల్లి 2007లో మహానగరంలో కలిసింది. అంతకుముందు ఇక్కడ కాపురం పెట్టిన సభ్యుల పెట్టెల్లో, ఆల్బముల్లో అవి తప్పక ఉండాలి.

కాబట్టి సభ్యులకు నా మనవి ఒక్కటే. పాత ఫొటోలు బయటికి తీయండి. ప్రతి ఫొటో వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరం రాయండి. వంటమనిషి, పాలవాడు, పడవవాడు ఫొటోలో ఉంటే వారి పేర్లు కూడా రాయండి. ఆ పేర్లు తెలిసినవాళ్లం మనం ఉండగానే ఈ పని పూర్తికావాలి.